ముందు వైరు, తర్వాతే యంత్రం

గదిలో చల్లదనం ఎంత ఉండాలో తనంతట తాను చూసుకునే పరికరం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. దాన్ని థర్మోస్టాట్ అంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. హాల్లో గోడకు గుండ్రంగానో పలకలాగానో ఉంటుంది. ఇల్లంతటి ఏసీ, హీటరు దాని అదుపులోనే ఉంటాయి. మన అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో గోడకు అలాంటిది కనబడదు. కానీ అదే పని చేసే భాగం మన స్ప్లిట్ ఏసీ లోపల ఉంది. వైఫై ఏసీ అయితే ఫోను నుంచి కూడా చెప్పిన మాట వింటుంది. పాత ఏసీకి రిమోటు బదులు పనిచేసే చిన్న వైఫై పెట్టె తగిలించుకున్న ఇళ్లూ ఉన్నాయి. వీటన్నిటికీ ఉమ్మడిగా వచ్చే జబ్బు ఒకటుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. క్షణంలో మళ్లీ వెలుగుతుంది. కాసేపు బాగానే ఉంటుంది. మళ్లీ ఆగుతుంది. రాత్రికి నాలుగుసార్లు ఇలా జరిగితే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అప్పుడు అందరం అనే మాట ఒక్కటే. దీని బుర్ర పాడైంది, మార్చేద్దాం అంటాం. ఆ మాట అనేముందు కొంచెం ఆగమని కోరడానికే ఈ ప్రసంగం. మాటిమాటికీ ఆగి మొదలయ్యే పరికరంలో ముందుగా అనుమానించాల్సింది దానికి అందే కరెంటుని. ముందు వైరు చూడాలి. తర్వాతే యంత్రం. ఈ మాట ఇంకా రెండు మూడుసార్లు చెబుతాను. ఎందుకో కారణాలతో సహా చెబుతాను.

ఈ వస్తువు ఎలా పుట్టిందో తెలిస్తే జబ్బు సగం అర్థమవుతుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే పంతులుగారు ఉండేవారు. చలికాలంలో తరగతి గదిలో వేడి సరిపోయిందో లేదో చూడటానికి జవాను మాటిమాటికీ లోపలికి వచ్చేవాడు. పాఠం ఆగిపోయేది. అందుకని ఆయన ఒక పరికరం తయారుచేశారు. గదిలో వేడి తగ్గితే కింద కొలిమి దగ్గర గంట మోగుతుంది. జవాను పైకి రానక్కర్లేదు. గంట విని కొలిమి సర్దితే చాలు. 1883లో దానికి పేటెంటు వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1953లో, హనీవెల్ కంపెనీ గోడకు పెట్టే గుండ్రటి థర్మోస్టాట్ తెచ్చింది. అమెరికా ఇళ్లలో దశాబ్దాల పాటు అది వెలిగింది. దాని లోపల ఏముంది? వేడికీ చలికీ ముడుచుకుని విప్పారే లోహపు చుట్ట ఒకటి. పాదరసం ఉన్న చిన్న గాజు గొట్టం ఒకటి. చుట్ట కదిలితే గొట్టం ఒరుగుతుంది. పాదరసం జారి రెండు తీగలను కలుపుతుంది. అంతే. అది ఒట్టి స్విచ్చి. బతకడానికి దానికి సొంతంగా కరెంటు అక్కర్లేదు. అందుకే ఆ రోజుల్లో ఇళ్లు కట్టినవాళ్లు గోడలో రెండు వైర్లో నాలుగు వైర్లో లాగి వదిలేశారు. అవి చాలేవి కూడా. 2011లో నెస్ట్ అనే థర్మోస్టాట్ బజారులోకి వచ్చింది. దాని వెనకే ఇంకా ఎన్నో వచ్చాయి. వీటికి తెర ఉంది. వైఫై ఉంది. లోపల చిన్న కంప్యూటరు ఉంది. రాత్రింబవళ్లు వీటికి కరెంటు కావాలి. వస్తువు కొత్తది, గోడలో వైర్లు పాతవి. చిక్కు మొదలైంది అక్కడే.

అమెరికా ఇళ్లలో ఎక్కువ భాగం థర్మోస్టాట్‌కు వచ్చేది 24 వోల్టుల కరెంటు. అది ఒక వైరు మీద వస్తుంది. దాన్ని ఆర్ వైరు అంటారు. వచ్చిన కరెంటు తిరిగి వెళ్లడానికి ఇంకో వైరు ఉండాలి. దాన్ని సి వైరు అంటారు. పాత ఇళ్లలో చాలావాటికి ఈ సి వైరు లేదు. మరి కొత్త థర్మోస్టాట్ ఎలా పనిచేస్తోంది? ఏసీని, హీటరును నడిపే వైర్లలోంచే కొంచెం కొంచెం కరెంటు లాక్కుంటుంది. లాక్కున్నది లోపలి చిన్న బ్యాటరీలో దాచుకుంటుంది. ఏసీ ఆగి ఉన్నప్పుడు ఇలా లాక్కోవడం తేలిక. ఏసీ గంటల తరబడి నడుస్తుంటే కష్టం. బ్యాటరీ దిగిపోతుంది. వైఫై పోతుంది, తెర ఆరిపోతుంది. కాసేపటికి బ్యాటరీ కొంచెం పుంజుకుంటుంది. తెర వెలుగుతుంది. మళ్లీ దిగుతుంది. చూసేవారికి యంత్రానికి పిచ్చి పట్టినట్టే ఉంటుంది. జరుగుతున్నది మాత్రం దానికి చాలినంత కరెంటు అందకపోవడం. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఇలాంటి పరికరాల లోపలి చిప్పు చాలాసార్లు కావాలనే ఆగుతుంది. తనకు అందే వోల్టేజి ఒక హద్దు కిందికి పడితే లెక్కలు తప్పుతాయి, దాచుకున్న సమాచారం చెడిపోతుంది. అలా జరగకుండా తనను తాను ఆపుకుని మొదటినుంచి మొదలయ్యేలా దాన్ని తయారుచేశారు. అంటే రీస్టార్ట్ కావడం ఒక రక్షణ. తన పని తాను సరిగ్గా చేస్తున్న పరికరాన్ని మనం చెడిపోయిందని పారేస్తున్నాం. వైఫై పెట్టెల సంగతీ ఇదే. ఆ చిప్పు మామూలుగా కొద్ది కరెంటుతోనే గడుపుతుంది. వైఫైలో సమాచారం పంపే క్షణంలో మాత్రం ఒక్కసారిగా ఎన్నో రెట్లు లాగుతుంది. అడాప్టరు నాసిరకమైనా, కేబులు సన్నగా పొడుగ్గా ఉన్నా ఆ క్షణంలో వోల్టేజి పడిపోతుంది. పెట్టె రీస్టార్ట్ అవుతుంది. ఎప్పుడూ వైఫై కలవబోతుండగానే ఆగుతోంది కాబట్టి మనం రూటరును తిడతాం. రూటరు తప్పేమీ ఉండదు. డ్రాయరులో దొరికిన పాత ఫోను చార్జరు తీసేసి, పెట్టెతో వచ్చిన అడాప్టరునే పెట్టి చూడండి. ఖర్చు లేని పరీక్ష ఇది. మొదట చేయాల్సిందీ ఇదే.

అయితే తప్పు కరెంటులో ఉందని ఎలా తెలుసుకోవాలి? మీటరు అక్కర్లేకుండా తెలుసుకునే మార్గం ఒకటుంది. అది వేళ. ఏ వేళకు ఆగింది, ఆ క్షణంలో ఇంట్లో ఇంకేం నడుస్తోంది, బయట వాతావరణం ఎలా ఉంది. ఈ మూడూ ఒక కాగితం మీద రాయండి. నాలుగైదు రోజులు రాయండి. ఏసీ చాలాసేపు నడిచాకే ఆగుతోందా? మోటారు వేసినప్పుడే ఆగుతోందా? గాలి వీచినప్పుడే ఆగుతోందా? సాయంత్రం దీపాలు పెట్టే వేళకే ఆగుతోందా? బుర్ర చెడిన యంత్రం చాలాసార్లు వేళాపాళా లేకుండా ఆగుతుంది. కరెంటు చాలని యంత్రానికి ఒక వరస ఉంటుంది. ఆ వరస దొరికితే కారణం దొరికినట్టే. దీనికి అమెరికా ఇళ్లలో మంచి ఉదాహరణ ఉంది. టెక్సాస్, ఫ్లోరిడా లాంటి ఉక్కపోత రాష్ట్రాల్లో ఉన్న మన పిల్లల ఇళ్లలో ఇది మామూలు. ఏసీ నడుస్తుంటే గాలిలోని తేమ నీరై కారుతుంది. ఆ నీరు పోయే సన్నటి పైపులో పాచి పట్టి మూసుకుపోతుంది. కింద ట్రేలో నీరు నిలుస్తుంది. ఇంటి కప్పు తడవకుండా అక్కడ ఒక తేలే స్విచ్చి పెడతారు. నీరు పెరిగితే అది పైకి లేచి కరెంటు ఆపేస్తుంది. చాలా ఇళ్లలో థర్మోస్టాట్‌కు వెళ్లే కరెంటు కూడా ఆ స్విచ్చి గుండానే పోతుంది. దాంతో హాల్లో థర్మోస్టాట్ నల్లబడుతుంది. కొన్ని గంటలకు నీరు మెల్లగా దిగుతుంది. థర్మోస్టాట్ వెలుగుతుంది. ఏసీ నడుస్తుంది. మళ్లీ నీరు నిండుతుంది. జబ్బు ఎక్కడో అటక మీద నీటి పైపులో ఉంది. లక్షణం కింద హాల్లో గోడ మీద కనబడుతోంది. గోడ మీదిది మార్చి కొత్తది పెడితే ఏమవుతుంది? కొత్తది కూడా ఉక్క రోజున సరిగ్గా అలాగే ఆగుతుంది. పైపు కడిగితే చాలు. అదే ఏసీ లోపలి బోర్డు మీద ఫ్యూజు పోయిందనుకోండి, అప్పుడు ఆగి మొదలవడం ఉండదు. మొత్తానికే నల్లగా ఉండిపోతుంది. ఆగి మొదలవడం వేరు, అసలు వెలగకపోవడం వేరు. ఈ రెండింటినీ కలపకండి.

ఇక మన కోనసీమకు వద్దాం. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టిన చోటి నుంచి కాలవలు బయల్దేరతాయి. గన్నవరం అక్విడక్టు దాటి రాజోలు వైపు నీళ్లు వస్తాయి. ఎగువన అందరూ ఒకేసారి నీరు పెట్టుకుంటే శివారు పొలానికి నీరు అందదు. శివారులో చేను వాడితే విత్తనాన్ని తిట్టే రైతు ఎవరూ ఉండరు. ముందు కాలవ చూస్తాడు. కరెంటు లైనుకూ ఇదే న్యాయం. మన ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇంటికి అది దాదాపు అలాగే అందుతుంది. లైను చివర కొబ్బరితోటలో ఉన్న ఇంటికి చేరేసరికి తగ్గుతుంది. లైను మీద ఎంతమంది వాడుకుంటున్నారన్న దాన్ని బట్టి ఇంకా తగ్గుతుంది. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒకేసారి మొదలవుతాయి. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మలికిపురం వైపు అయితే రొయ్యల చెరువుల సంగతి ఉంది. రాత్రిపూట చెరువు నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. అందుకని నీటికి గాలి అందించే ఏరియేటర్లు రాత్రే గట్టిగా నడపాలి. అది రైతు తప్పు కాదు, రొయ్య బతకాలి కదా. కానీ ఊరి ఇళ్లూ, ఆ మోటార్లూ ఒకే ఫీడరు మీద ఉన్నచోట చివరి ఇంట్లో వోల్టేజి పడుతుంది. ఫ్యాను కొంచెం నెమ్మదిస్తుంది, అంతే, దాన్ని మనం పట్టించుకోం. ఏసీ బోర్డు మాత్రం పట్టించుకుంటుంది. హద్దు దాటి పడిందని ఆగిపోతుంది. ఏసీ ఆగగానే లైను మీద బరువు తగ్గి వోల్టేజి కొంచెం లేస్తుంది. లేచిందని ఏసీ మొదలవుతుంది. కంప్రెసరు అందుకోగానే మళ్లీ పడుతుంది. రాత్రంతా ఇదే తంతు. యంత్రంలో ఏ లోపమూ లేకపోయినా ఇలా జరుగుతుంది.

లైను బాగుండి కూడా ఇంటి గుమ్మం దగ్గర చెడేది ఒకటుంది. అది జాయింటు. నా మట్టుకు నాకు కోనసీమలో ఈ జబ్బుకు అన్నిటికంటే ముందు వెతకాల్సిన చోటు ఇదేననిపిస్తుంది. మనది సముద్రపు గాలి. అంతర్వేదిలో, ఓడలరేవులో ఇనుప కిటికీ ఎంత త్వరగా తుప్పు పడుతుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఉప్పు తేమే వైర్ల జాయింట్ల మీదా పడుతుంది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు చాలాచోట్ల అల్యూమినియం. ఇంటి లోపలి వైరు రాగి. ఈ రెండు లోహాలనూ ఊరికే మెలిపెట్టి టేపు చుట్టేస్తే, ఉప్పు తేమ తగిలినకొద్దీ తుప్పు ఆ మెలికను లోపల తినేస్తుంది. దీపాలకూ ఫ్యానుకూ ఆ మెలిక చాలుతుంది. టీవీకీ చాలుతుంది. ఏసీ మొదలై ఎక్కువ కరెంటు లాగేసరికి ఆ మెలిక దగ్గర వేడెక్కుతుంది, వోల్టేజి తెగ్గోసినట్టు పడుతుంది. ఏసీ ఆగుతుంది. చల్లబడ్డాక మళ్లీ కలుస్తుంది. గాలి వీచినప్పుడే ఆగుతోందంటే పైకి చూడండి. కొబ్బరి మట్ట లైనుకు తగులుతూ ఉండవచ్చు. సర్వీసు వైరు స్తంభం దగ్గర ఊగుతూ ఉండవచ్చు. ఏసీ ప్లగ్గు, స్విచ్చిబోర్డు, మెయిన్ దగ్గర ఎంసీబీ స్క్రూలు, ఇవీ వేడికీ చలికీ వదులవుతాయి. ఏసీ కాసేపు నడిచాక ప్లగ్గు బాగా వేడిగా ఉందంటే, ప్లాస్టిక్కు పసుపురంగుకు తిరిగిందంటే, కాలిన వాసన వస్తోందంటే, ఆ ప్లగ్గును ఇక వాడకండి. ఏసీ గురించి తర్వాత చూడొచ్చు. అలాంటి ప్లగ్గు ఇల్లు కాలే దారి.

ఇంట్లో ఉండి ఎవరైనా చేయగల పరీక్ష ఇంకొకటి చెబుతాను. రేడియోలో విని వెంటనే చేసేయొచ్చు. ఏసీ ఆగే క్షణంలో అదే గదిలో బల్బు వంక చూడండి. బల్బు కూడా మసకబారిందా? ఫ్యాను నెమ్మదించిందా? అయితే తప్పు ఏసీకి బయట ఉంది. వెంటనే పక్కింటి వదినగారినో ఎదురింటి అన్నగారినో అడగండి. వాళ్లింట్లోనూ అదే సమయంలో మసకబారిందా? అవునంటే తప్పు లైనులో. మనింట్లోనే అంటే తప్పు మన సర్వీసు వైరు నుంచి లోపలికి. బల్బు కదలకుండా వెలుగుతూ ఏసీ ఒక్కటే ఆగిందంటే తప్పు ఆ ప్లగ్గులోనో, దాని వైరులోనో, చివరికి ఏసీలోనో. ఎల్ఈడీ బల్బులు కొన్ని వోల్టేజి పడినా మసకబారవు. అందుకని ఫ్యాను చప్పుడు కూడా వినండి. బల్బు, పక్కిల్లు. ఈ రెండూ చూస్తే చాలు, వెతకాల్సిన చోటు మూడో వంతుకు తగ్గుతుంది. ఒక్క హెచ్చరిక. ఒక గదిలో బల్బు మామూలు కంటే ఎక్కువ వెలిగి, ఇంకో గదిలో మసకబారితే, లేదా వీధిలో కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ వస్తుంటే ఆలోచించకుండా మెయిన్ దించేయండి. న్యూట్రల్ తెగినప్పుడు ఇలా అవుతుంది. వోల్టేజి మూడు వందలు దాటి పోగలదు. టీవీలు, ఫ్రిజ్జులు ఒకే రాత్రి కాలిపోయేది ఇలాంటప్పుడే. ఇది ఓపిగ్గా పరిశీలించే సమయం కాదు. మెయిన్ దించి కరెంటు వాళ్లకు చెప్పాలి.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలకు వద్దాం. మా ఇంట్లో స్టెబిలైజర్ ఉందండీ, ఇంక కరెంటు తప్పెలా అవుతుంది అంటారు. మంచి ప్రశ్న. స్టెబిలైజర్ ఒక పరిధి లోపలే సర్దగలదు. ఆ పరిధి దాటి వోల్టేజి పడితే అది ఏసీకి కరెంటు ఆపేస్తుంది. కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ ఇస్తుంది. చూసేవారికి ఏసీ రీస్టార్ట్ అయినట్టే ఉంటుంది. ఆపింది స్టెబిలైజర్. ఆపించింది లైను. పైగా స్టెబిలైజర్ తర్వాత ఉన్న ప్లగ్గు వదులైతే స్టెబిలైజర్ చేయగలిగింది ఏమీ లేదు. ఇంకొకరు అంటారు, మాది ఇన్వర్టర్ ఏసీ, స్టెబిలైజర్ అక్కర్లేదని షాపులో చెప్పారు అని. ఆ మాటలో నిజం ఉంది. ఆ ఏసీలు తక్కువ వోల్టేజిని కొంత ఓర్చుకుంటాయి. కానీ ఆ ఓర్పుకూ ఒక పరిధి ఉంది. అది ఏసీతో వచ్చిన పుస్తకంలోనో, ఏసీ మీద అతికించిన చీటీ మీదో రాసి ఉంటుంది. మీ ఇంట్లో రాత్రి పది గంటలకు వచ్చే వోల్టేజి ఆ పరిధిలో ఉందా లేదా అన్నదే ప్రశ్న. వదులు జాయింటు దగ్గర క్షణక్షణానికి తెగి కలిసే కరెంటును ఏ ఏసీ ఓర్చుకోలేదు. ఇంకో మాట కూడా వినబడుతుంది. రెండేళ్లు బాగానే నడిచింది కదా, వైరు తప్పైతే మొదటి రోజే తెలియాలి కదా అని. వైరు మొదటి రోజు ఉన్నట్టు ఉండదు. జాయింటు రెండేళ్లు ఉప్పుగాలి తిన్నది. స్క్రూ రెండు వేసవులు వేడెక్కి చల్లబడి వదులైంది. ఈలోగా మీ లైను మీద ఇంకో పది ఏసీలు వచ్చాయి. ఏసీ మారలేదు. దాని చుట్టూ ఉన్నది మారింది.

గట్టి అభ్యంతరం ఒకటి మిగిలింది. సాఫ్ట్‌వేర్ తప్పు అయి ఉండకూడదా అని. ఉండవచ్చు. జరిగింది కూడా. 2015 డిసెంబరులో నెస్ట్ థర్మోస్టాట్లకు వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో లోపం ఉంది. 2016 జనవరిలో, గడ్డకట్టే చలిలో, అమెరికాలో ఎన్నో ఇళ్లలో థర్మోస్టాట్లు ఆగిపోయాయి. హీటర్లు రాలేదు. పత్రికల్లో పెద్ద వార్త అయింది. అప్పుడు కంపెనీయే లోపాన్ని ఒప్పుకుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ తప్పు చేయదని నేను అనడం లేదు. కానీ ఆ తప్పు ఏ దారిన బయటపడిందో చూడండి. ఆ లోపం వల్ల బ్యాటరీ ఖాళీ అయింది. బ్యాటరీ ఖాళీ అయి థర్మోస్టాట్ ఆగింది. అక్కడ కూడా కరెంటు దగ్గర నుంచి చూసుకుంటూ వచ్చినవారికే సంగతి తెలిసింది. థర్మోస్టాట్ తీసి ఫోను చార్జరు లాంటి కేబులుతో చార్జి పెడితే మళ్లీ లేచింది. కాబట్టి అప్‌డేట్ ఉంటే పెట్టుకోండి, తప్పులేదు. అన్నీ చెరిపేసి మొదటికి తెచ్చే రీసెట్ మాత్రం తొందరపడి నొక్కకండి. వైఫై పాస్‌వర్డు, వేళలు, పిల్లలు దూరం నుంచి పెట్టిన అమరికలు అన్నీ పోతాయి. కరెంటు చాలకపోతే ఆ తర్వాత కూడా ఆగుతుంది. మధ్యలో ఆగిందంటే మళ్లీ అమర్చడం కూడా కష్టమే. మరి బోర్డే నిజంగా చెడితే? అదీ జరుగుతుంది. మన వాతావరణంలో ఏసీ బయటి యూనిట్లోకి బల్లులు దూరి బోర్డు మీద కాలి చస్తాయి. చీమలు పుట్టలు పెడతాయి. ఉప్పు తేమకు బోర్డు పచ్చగా చిలుం పడుతుంది. వాటిని కాదనను. నేను చెప్పేది వరస గురించి. బోర్డు చెడిందని తేల్చాలంటే ముందు దాని గుమ్మం దాకా సరైన కరెంటు వస్తోందని తేలాలి. సరైన కరెంటు వస్తూ కూడా ఆగుతుంటే, అప్పుడు అది దోషి. అప్పుడు మార్చండి. ఆ కొలత లేకుండా బోర్డు మార్చమన్నవారితో, ఏసీకి ఎంత వోల్టేజి వస్తోందో ఒకసారి కొలిచి చూపించండి బాబూ అని అడగండి. అడగడం మీ హక్కు. బోర్డు ఖరీదు వేలల్లో ఉంటుంది. కొలతకు రెండు నిమిషాలు చాలు.

కొలత ఎలా కొలవాలో కూడా చెప్పాలి, ఎందుకంటే మనం మోసపోయేది అక్కడే. ఎలక్ట్రీషియన్ పగలు పదకొండింటికి వస్తాడు. ఏసీ ఆపి, ప్లగ్గు తీసి, ప్లగ్గులో మీటరు పెడతాడు. 230 చూపిస్తుంది. కరెంటు బ్రహ్మాండంగా ఉందండీ, ఏసీదే తప్పు అంటాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ బరువు లేనప్పుడు కొలిచాడు. వదులు జాయింటు కూడా బరువు లేనప్పుడు పూర్తి వోల్టేజి చూపిస్తుంది. ఏసీ నడుస్తుండగా కొలవాలి. కంప్రెసరు అందుకున్న క్షణంలో ఎంతకు పడిందో చూడాలి. జబ్బు చేసే వేళకే కొలవాలి. మళ్లీ చెబుతున్నాను, ఏసీ నడుస్తుండగా కొలవాలి, జబ్బు చేసే వేళకు కొలవాలి. మెయిన్ దగ్గర ఒకసారి, ఏసీ ప్లగ్గు దగ్గర ఒకసారి. మెయిన్ దగ్గర బాగుండి ప్లగ్గు దగ్గర పడితే తప్పు ఇంటి వైరింగులో. మెయిన్ దగ్గరే పడితే సర్వీసు వైరులోనో లైనులోనో. ఇది వైరింగు తెలిసినవారు చేయాల్సిన పని. మీరు మీటరు పట్టుకుని 230 వోల్టుల మీద ప్రయోగం చేయకండి. వానాకాలం తడి గోడ మీద అసలే వద్దు. ప్లగ్గు బిగించాలన్నా ముందు ఎంసీబీ దించాలి. స్తంభం దగ్గరి జాయింటు లైన్‌మన్ పని, అది ఇంకెవరూ ముట్టుకోకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకు ఫోనులో చెప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త చెప్పండి. థర్మోస్టాట్ వెనక సన్నటి రంగురంగుల వైర్లు ఉంటే అవి 24 వోల్టులవి, ప్రాణభయం ఉండదు. అయినా బ్రేకరు దించే విప్పమనండి. ఆర్, సి వైర్లు ఒకదానికొకటి తగిలితే ఫ్యూజు పోతుంది. వెనక లావుపాటి వైర్లు కనబడితే మూత పెట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవమనండి. గోడ హీటర్లు ఉన్న ఇళ్లలో అక్కడికి పూర్తి ఇంటి కరెంటే వస్తుంది. సి వైరు లేదని తేలితే కొత్త వైరు లాగించవచ్చు. లేదా ఆ పని కోసమే అమ్మే చిన్న అడాప్టరు పెట్టించవచ్చు. కొత్త థర్మోస్టాట్ కంటే అది సాధారణంగా చవక.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీదికి మారే ఇళ్లకు ఒక మాట. రూటరు, వైఫై పెట్టె ఇన్వర్టరు లైను మీద ఉండి, కరెంటు పోయిన ప్రతిసారీ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టరు మీద ఒక చిన్న స్విచ్చి ఉందేమో చూడండి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ అని ఒక అమరిక ఉంటుంది. దానిలో పెడితే మారే సమయం బాగా తగ్గుతుంది. రూటరు ఆ మార్పును గమనించదు కూడా.

చివరగా, తప్పు లైనులో ఉందని తేలినవారి సంగతి. మన జిల్లాకు కరెంటు ఇచ్చేది ఈపీడీసీఎల్. ఫిర్యాదు నంబరు 1912. ఫోను చేసి మా ఏసీ పనిచేయడం లేదు అంటే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. ఏసీ బాగుచేయడం వాళ్ల పని కాదు. మీరు రాసుకున్న కాగితం చేతిలో పెట్టుకుని చెప్పండి. ఫలానా ట్రాన్స్‌ఫార్మర్ మీద, లైను చివర ఇన్ని ఇళ్లకు, రోజూ ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా వోల్టేజి ఇంతకు పడుతోంది అని చెప్పండి. పక్కింటివాళ్ల చేత కూడా చెప్పించండి. సర్వీసు నంబరు చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. అప్పుడు వాళ్లు చూడగలిగేవి ఎన్నో ఉన్నాయి. ఒకే ఫేజు మీద ఇళ్లన్నీ పడి ఉంటే మూడు ఫేజులకూ పంచవచ్చు. స్తంభం మీది జాయింటు సరిచేయవచ్చు. కొబ్బరి మట్టలు కొట్టించవచ్చు. లోడు మరీ ఎక్కువైతే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచమని రాతపూర్వకంగా అడగవచ్చు. ఇంట్లో కొత్తగా ఏసీ పెట్టుకుని ఉంటే మీ సర్వీసుకు మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో కరెంటు బిల్లు మీద చూడండి. అది పాత లెక్కే అయితే పెంచమని దరఖాస్తు ఇవ్వండి. మీ వీధిలో ఎంత వాడకం ఉందో వాళ్ల కాగితాల్లో తెలిసేది ఆ అంకెల వల్లే.